వేలిముద్ర పడని మనిషికీ బియ్యం అందాలంటే: పథకానికి డిజిటల్ గుర్తింపు జోడించే పద్ధతి

ఒక పథకానికి ఆధార్‌ను జోడించే పని మీకు అప్పగించారనుకోండి. మీరు జిల్లా కార్యాలయంలో ఉండొచ్చు, సాఫ్ట్‌వేర్ రాసే బృందంలో ఉండొచ్చు, ఊళ్లో కార్డుదారుల తరఫున ఆఫీసుల చుట్టూ తిరిగే సంఘంలో ఉండొచ్చు. పని ఎవరిదైనా మెట్లు అవే. ఇక్కడ రేషన్ షాపును ముందు పెట్టుకుని చెబుతున్నాం. నెలనెలా వేలిముద్ర అడిగేది అక్కడే, అది పడకపోతే ఆ ఇంటి పొయ్యి మీద దెబ్బ పడేదీ అక్కడే. పింఛను, ఉపాధి హామీ, స్కాలర్‌షిప్పులకూ కొద్ది మార్పులతో ఇదే వరస.

మిషన్ ‘మ్యాచ్ కాలేదు’ అన్నప్పుడు మనకు తెలిసేది ఒకటే: అది ఆ వేలిని గుర్తుపట్టలేకపోయింది. ఎదురుగా నిలబడ్డ ఆవిడ అర్హురాలా కాదా అన్నది దానికి తెలియదు. ఈ రెండూ కలిసిపోయిన చోటే జనం పథకం నుంచి జారిపోతారు. కాబట్టి మీరు కట్టే ప్రతి మెట్టు దగ్గరా ‘ఇక్కడ మిషన్ కాదంటే ఈ మనిషి ఈ పూట ఏ దారిన వెళ్లాలి?’ అన్న ప్రశ్నకు జవాబు రాతపూర్వకంగా ఉండాలి.

చట్టం చెప్పింది షాపు గోడ మీద ఉండాలి

2016 ఆధార్ చట్టంలోని 7వ సెక్షన్ సబ్సిడీలకు ఆధార్ అడగొచ్చని చెబుతూనే, నంబరు ఇంకా రానివాళ్లకు వేరే గుర్తింపు మార్గం చూపాలని కూడా చెబుతుంది. 2018 సెప్టెంబరు 26న సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ను సమర్థించింది. అయితే ఆధార్ లేదన్న కారణంతో పిల్లలకు రావాల్సింది ఆపకూడదని అదే తీర్పులో చెప్పింది. అంతకు ముందే, 2017 డిసెంబరు 19న కేంద్ర కేబినెట్ సచివాలయం మినహాయింపుల మీద ఒక ఉత్తర్వు ఇచ్చింది. దాని సారాంశం ఇదీ: వేలిముద్రతో పాటు ఐరిస్ (కనుపాపను చూసి గుర్తుపట్టే పద్ధతి) లేదా ముఖ గుర్తింపు ఏర్పాటు ఉండాలి, అవి కుదరకపోతే ఓటీపీ వాడాలి, ఆన్‌లైన్ పరిశీలన అసలే సాధ్యం కాని చోట ఆధార్ కార్డు నిజమైనదో కాదో క్యూఆర్ కోడ్‌తో చూసుకుని ఇవ్వాలి.

ఈ ఉత్తర్వు చాలా చోట్ల ఫైల్లో భద్రంగా ఉంటుంది, డీలరు దగ్గర మాత్రం ఉండదు. మొదటి పనిగా దాన్ని తెలుగులో అర పేజీకి కుదించి, పెద్ద అక్షరాలతో అచ్చు వేయించి షాపులో అంటించండి. ‘వేలిముద్ర పడకపోయినా మీ బియ్యం మీకు ఇవ్వాలి’ అన్న వాక్యం అందులో మొదటి వరసలో ఉండాలి. చదవడం రానివాళ్ల కోసం పంపిణీ మొదటి రోజున టముకు వేయించినా, మైకులో చెప్పించినా మంచిదే.

ఎవరు జారిపోతారో ముందే పేర్లు తీయండి

మిషన్లు కొనకముందే కార్డుల జాబితా తెరిచి ఒక్కరే సభ్యులుగా ఉన్న కార్డులను వేరు చేయండి. ఎందుకో చిన్న లెక్కతో తెలుస్తుంది. ఒక్కొక్కరికీ నూటికి ఐదుసార్లు వేలిముద్ర పడదనుకుందాం. నలుగురున్న ఇంట్లో ఎవరు వచ్చినా సరిపోతుంది కాబట్టి, నలుగురికీ ఒకే నెలలో పడకపోవడం లక్షలో ఒకసారి కూడా జరగదు. ఒంటరిగా ఉండే ముసలావిడకు ఆ వెసులుబాటు లేదు. అదే ఐదు శాతంతో లెక్కేస్తే, పన్నెండు నెలల్లో ఒక్కసారైనా ఆమె ఖాళీ సంచితో వెనక్కి వెళ్లే అవకాశం 46 శాతం. పైగా అసలు సంగతి ఈ లెక్క కంటే కఠినంగా ఉంటుంది. గీతలు అరిగిపోయిన వేళ్లకు ఈ నెల పడకపోతే వచ్చే నెలా పడవు. సగటు బాగున్నా, భారమంతా ఆ కొద్దిమంది మీదే పడుతుంది.

ఒంటరి కార్డుల తర్వాత చూడాల్సినవాళ్లు: డెబ్బై దాటినవాళ్లు, బీడీలు చుట్టేవాళ్లు, పొగాకు కోసి గుచ్చేవాళ్లు, మిర్చి కోతకు వెళ్లేవాళ్లు, సున్నం, సిమెంటు, ఇటుక పని చేసేవాళ్లు, కుష్టు నయమైనా వేళ్లు పోయినవాళ్లు, మంచం పట్టినవాళ్లు. పిల్లల విషయం వేరు. ఐదేళ్లలోపు ఇచ్చే ఆధార్‌లో వేలిముద్రలే ఉండవు. ఐదేళ్లకూ పదిహేనేళ్లకూ బయోమెట్రిక్ (వేలిముద్రలు, కనుపాపలు, ముఖం) నవీకరణ చేయించాలి. అది చేయించని పిల్లాడికి స్కాలర్‌షిప్ దగ్గర అడ్డం తగిలాక గానీ ఇంట్లోవాళ్లకు విషయం తెలియదు. బళ్లోనే శిబిరం పెడితే ఆ ఇబ్బంది రాదు.

వలస వెళ్లినవాళ్లను మరవకండి. జగిత్యాల, నిజామాబాద్ వైపు నుంచి గల్ఫ్‌కు వెళ్లినవాళ్ల ఇక్కడి సిమ్ రీఛార్జి లేక ఆగిపోతుంది. కొన్నాళ్లకు ఆ నంబరు ఇంకొకరికి వెళ్తుంది. ఇంట్లో భార్య ఓటీపీ కోసం ఎదురుచూస్తుంటే, అది ముక్కూమొహం తెలియని వాళ్ల ఫోన్‌కు పోతుంది.

నంబరు ఎక్కించేటప్పుడు

ఆధార్ పన్నెండు అంకెల్లో చివరిది సరిచూసుకునే అంకె. వెర్హోఫ్ అనే పద్ధతి మీద నడుస్తుంది. ఒక అంకె తప్పు కొట్టినా, పక్కపక్క అంకెలు తారుమారైనా దొరికిపోతుంది. ఈ తనిఖీ ఎంట్రీ స్క్రీన్‌లోనే ఉండాలి, రాత్రి సర్వర్‌లో నడిచే పనిగా పెట్టకండి. తప్పు బయటపడే క్షణంలో మనిషి ఎదురుగా ఉండాలి. అయితే పక్కింటివాళ్ల సరైన నంబరు ఈమె పేరు మీద ఎక్కితే వెర్హోఫ్ పట్టుకోలేదు. అందుకే పేరూ పుట్టిన సంవత్సరమూ కూడా పోల్చాలి.

మన పేర్ల దగ్గరే అసలు చిక్కు వస్తుంది. ఆధార్‌లో ‘వెంకటలక్ష్మమ్మ’, బియ్యం కార్డులో ‘వెంకటలక్ష్మి’, బ్యాంకు పుస్తకంలో ఒక పొడి అక్షరం, పక్కన ‘లక్ష్మి’. ముగ్గురూ ఒక్కరే. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనుక, ఇంకోచోట ఉండనే ఉండదు. పెళ్లయ్యాక మారిన ఇంటిపేరు సగం పత్రాల్లోనే మారుతుంది. ఇంగ్లీషు అక్షరాల్లో ‘క్ష’ను ఒకరు ఎక్స్‌తో, ఒకరు కేఎస్‌హెచ్‌తో రాస్తారు. ‘సీత’లో ‘త’కు హెచ్ పెట్టేవాళ్లూ ఉన్నారు, పెట్టనివాళ్లూ ఉన్నారు. అక్షరం అక్షరం సరిపోవాలని నిబంధన పెడితే, మీరు ఏరేసేది దొంగ కార్డులను కాదు, ఈ పేర్లను.

సాఫ్ట్‌వేర్ బృందం చేయాల్సింది ఇదీ. ముందుగా ఖాళీలు, చుక్కలు, పొడి అక్షరాలు తీసేసి పోల్చాలి. పేరులోని మాటల వరస మారినా ఒప్పుకోవాలి. ఎక్స్, కేఎస్, కేఎస్‌హెచ్ మూడింటినీ ఒకటిగా, టీ, టీహెచ్‌లను ఒకటిగా, జంట అక్షరాలను ఒంటిగా చూడాలి. తెలుగులో రాసిన పేరు రెండు చోట్లా ఉంటే ముందు దాన్నే పోల్చండి, ఇంగ్లీషు కంటే తేడాలు తక్కువ వస్తాయి. ఇంత చేశాక కూడా మిగిలినవాటిని ‘తిరస్కరణ’లో పడేయకుండా, ఊరు తెలిసిన సిబ్బంది చూసే జాబితాలోకి పంపండి.

పుట్టిన తేదీతో జాగ్రత్త. పెద్దవాళ్లలో ఎంతోమందికి జనవరి 1 అని ఉంటుంది, సంవత్సరం ఒక్కటే ఉజ్జాయింపుగా చెప్పి నమోదు చేయించుకున్నారు కాబట్టి. ఆధార్ పుట్టిన తేదీకి రుజువు కాదని దాన్ని జారీ చేసే సంస్థే చెబుతోంది, 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు కూడా అదే మాట అంది. వయసు మీద ఆధారపడే పింఛనును ఆ ఒక్క తేదీ చూసి ఆపకండి. తేదీ మార్చుకునే అవకాశం మామూలుగా ఒక్కసారే ఇస్తారు గనుక, సరైన పత్రం చేతిలో లేకుండా ఎవరినీ హడావుడిగా ఆధార్ సెంటర్‌కు పంపకండి.

వేలు పెట్టించడం కూడా ఒక పనితనమే

‘తంబ్ పడట్లేదు’ అన్న ఫిర్యాదుల్లో కొన్ని షాపులోనే తీరిపోతాయి. దీనికి కావలసిన సరంజామా చాలా తక్కువ: ఒక చెంబెడు గోరువెచ్చని నీళ్లు, రెండు పొడి నూలు గుడ్డలు, కొంచెం కొబ్బరి నూనె.

ముందు గాజు తుడవండి. గంట సేపట్లో పదుల మంది వేళ్లు పెట్టిన గాజు మీద నూనె, చెమట పేరుకుని పాత ముద్ర నీడలా కనిపిస్తుంది. మిషన్‌ను ఎండ నేరుగా తగలని చోట పెట్టండి. వెలుతురుతో ముద్ర తీసే మిషన్లకు ఆ ఎండే అడ్డం. వచ్చినవాళ్ల చేతులు కడిగించి పూర్తిగా ఆరనివ్వండి. తడి వేలికి గీతలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. బాగా ఎండి పగిలిన వేలికి గీతలు తెగిపోయి కనిపిస్తాయి. అలాంటి వేలికి ఒక చుక్క నూనె రాసి, గుడ్డతో తుడిచేశాక పెట్టించండి. పొగాకు జిగురు ఒక్క కడుగుకు పోదు, ముందు నూనెతో రుద్ది తర్వాత కడగాలి.

వేలి కొసను కాకుండా, గోరు కింద ఉబ్బుగా ఉండే భాగం మొత్తం గాజును తాకేలా ఆనించాలి. చాలామంది ‘గట్టిగా నొక్కమ్మా’ అంటారు. అది తప్పు. గట్టిగా నొక్కితే గీతలు చదునైపోయి మధ్యలో ఖాళీలు పూడిపోతాయి. మెత్తగా ఆనించి, లైటు ఆరేదాకా కదపకుండా ఉంచితే చాలు. బొటనవేలే అని పట్టుపట్టకండి. కూలిపని చేసేవాళ్లకు బొటనవేలు, చూపుడువేలు ముందు అరుగుతాయి. ఉంగరపు వేలు, ఎడమచేతి వేళ్లు తరచూ బాగుంటాయి. తీరిక ఉన్న రోజున పది వేళ్లూ ఒకసారి పరీక్షించి, ఏది బాగా పడుతోందో కార్డు వెనుక పెన్సిల్‌తో రాసిపెట్టండి. వచ్చే నెల అరగంట మిగులుతుంది.

మూడు ప్రయత్నాలు చాలు. నాలుగోసారికి లోపం వేలిదని తేలిపోతుంది. వెనుక వరస పెరుగుతుంది, ఆవిడ తలవంచుకుంటుంది. అక్కడితో ఆపి ఐరిస్‌కు వెళ్లండి. కళ్లజోడు తీయించండి, కనురెప్ప వాలిపోయిన పెద్దవాళ్లయితే వాళ్లనే వేలితో కొంచెం పైకి ఎత్తిపట్టమనండి. కంటి ఆపరేషన్ అయినవాళ్లకు ఐరిస్ కూడా ఒక్కోసారి సరిపోలదు. ముఖ గుర్తింపులో కన్ను ఆర్పమని అడిగితే, చూపు లేనివాళ్లకూ పక్షవాతం వచ్చినవాళ్లకూ అది కుదరకపోవచ్చు. ఏ ఒక్క పద్ధతీ అందరికీ సరిపోదు. రెండో పద్ధతి, మూడో పద్ధతి ఉండాల్సింది అందుకే.

తెర మీద అంకెను మాటగా మార్చండి

ఆధార్ సర్వర్ కాదన్నప్పుడు ఒక కోడ్ వస్తుంది. ఆ అంకె అలాగే చూపిస్తే డీలరు ‘సర్వర్ డౌన్, రేపు రా’ అంటాడు. ఆయనకూ అంతకు మించి తెలిసే దారి లేదు. అదే తెర మీద, తెలుగులో, తర్వాతి పని ఏమిటో చెప్పాలి.

300 వస్తే ముద్ర సరిపోలలేదని అర్థం: వేరే వేలు, తర్వాత ఐరిస్. 330 వస్తే ఆ మనిషి తన బయోమెట్రిక్‌కు తాళం వేసుకున్నారు. ఎన్నిసార్లు వేలు పెట్టించినా వృథా, తాళం తీయాలి లేదా ఓటీపీ వాడాలి. 811 అంటే ఆ నంబరు కింద బయోమెట్రిక్కే లేదు, పసితనంలో తీసుకున్న ఆధార్ అయి ఉండొచ్చు. 998 అయితే నంబరే తప్పుగా ఎక్కింది లేదా దొరకడం లేదు, 997 అయితే నంబరు చెల్లుబాటులో లేదు. ఈ రెంటిలోనూ ఈ రోజు మినహాయింపు దారిలో సరుకు ఇచ్చి, నంబరు సరిదిద్దాల్సినవాళ్ల జాబితాలో వాళ్ల పేరు రాయాలి. 561, 562 వస్తే సమయం దగ్గర తేడా ఉంది, ముందు మిషన్ గడియారం చూడండి. మిషన్ తేదీ తప్పుగా ఉంటే ఊరంతటికీ వేలిముద్ర ‘పడదు’.

సిగ్నల్ లేకపోవడాన్ని మనిషి ఖాతాలో వేయకండి. ప్రతి షాపుకూ రెండు వేర్వేరు కంపెనీల సిమ్‌లు ఇవ్వండి. పదినిమిషాల్లో రెండుసార్లు లైను అందకపోతే మిషన్ తనంతట తాను ఆఫ్‌లైన్ పద్ధతికి మారాలి: ముందు సరుకు, లైను వచ్చాక లెక్క. పాడేరు, ఉట్నూరు లాంటి ఏజెన్సీ ప్రాంతాల్లో సిగ్నల్ కోసం జనాన్ని గుట్ట ఎక్కించే ఏర్పాటు ఏర్పాటే కాదు.

రెండో తలుపు, తాళం లేకుండా

అన్నీ విఫలమైనప్పుడు పనిచేసేది మినహాయింపు రిజిస్టరు. చాలా వ్యవస్థలు దీన్ని పెట్టినట్టే పెట్టి, తహసీల్దారు అనుమతి కావాలనో, పైనుంచి లాగిన్ రావాలనో మెలిక పెడతాయి. ఆ అనుమతి కోసం ఒంటరి ముసలావిడ మండల కేంద్రానికి వెళ్లి రావాలంటే ఒక రోజు కూలీ, ఆటో ఖర్చు పోతాయి. అనుమతి ముందు అడగొద్దు, తనిఖీ తర్వాత చేయండి.

రిజిస్టరులో ఉండాల్సినవి: తేదీ, సమయం, కార్డు నంబరు, ఏయే పద్ధతులు ప్రయత్నించారో, వచ్చిన కోడ్, ఇచ్చిన సరుకు ఎన్ని కిలోలో, తీసుకున్నవాళ్ల సంతకం లేదా నిశానీ, డీలరు కాని ఒక సాక్షి సంతకం. ఆధార్ నంబరు పూర్తిగా రాయకండి, చివరి నాలుగు అంకెలు చాలు.

దీన్ని అడ్డం పెట్టుకుని సరుకు పక్కదారి పట్టిస్తారన్న భయం న్యాయమైనదే. దానికి మందు తలుపు మూయడం కాదు. వారం లోపల పది ఎంట్రీల్లో ఒకదాన్ని చీటీ తీసి ఎంచి, షాపుతో సంబంధం లేని ఉద్యోగి ఇంటికి వెళ్లి ‘అమ్మా, ఈ నెల ఎన్ని కిలోలు ఇచ్చారు?’ అని అడగాలి. రిజిస్టరులో ఎంట్రీలు మరీ ఎక్కువున్న షాపును చూడాలి. ఒక్క ఎంట్రీ కూడా లేని షాపును అంతకంటే ముందు చూడాలి. నాలుగైదు వందల కార్డులున్న చోట ఏడాది పొడవునా అందరికీ వేలిముద్ర పడిందంటే, పడనివాళ్లను వెనక్కి పంపేశారన్న అనుమానం రావాలి.

వరుసగా మూడు నెలలు ఒకే పేరు రిజిస్టరులోకి వస్తే, వాళ్లను శాశ్వత మినహాయింపులోకి మార్చండి. నెలనెలా వేలు పెట్టించి పడదని తేల్చే పరీక్ష వాళ్లకు ఇక అక్కర్లేదు. కదల్లేనివాళ్లకు వాళ్ల తరఫున సరుకు తీసుకునే నామినీని నమోదు చేయండి, బయోమెట్రిక్ నవీకరణకు ఇంటికే కిట్ పంపండి.

ఓటీపీ విషయంలో ఒక తనిఖీ తప్పనిసరి: ఒకే ఫోన్ నంబరు ఎన్ని కార్డులకు లింకై ఉందో చూడండి. నమోదు రోజున ఫోన్ లేనివాళ్లకు ఆపరేటరు నంబరో, పక్కింటి నంబరో ఇచ్చిన సందర్భాలు ఉంటాయి. అలాంటి కార్డుకు ఓటీపీ అంటే తాళంచెవి వేరేవాళ్ల చేతిలో ఉన్నట్టే.

డబ్బు పథకమైతే

ఆధార్ ఆధారంగా పంపే డబ్బు, ఎన్‌పీసీఐ మ్యాపర్‌లో (ఏ ఆధార్‌కు ఏ బ్యాంకో చూపే జాబితా) ఆ నంబరుకు చివరిగా జోడించిన ఖాతాకు వెళ్తుంది. లబ్ధిదారు ఫారంలో రాసిన ఖాతాకే వెళ్తుందన్న నమ్మకం లేదు. ఉపాధి హామీ కూలికి 2024 జనవరి 1 నుంచి ఈ దారి తప్పనిసరి అయ్యాక ఈ తేడా ఇంకా ముఖ్యమైంది. ‘డబ్బు పడలేదు’ అన్న ఫిర్యాదు వస్తే ముందు మ్యాపర్‌లో ఏ బ్యాంకు ఉందో చూడండి. డబ్బు పడే ఉంటుంది, ఎప్పుడో తెరిచి మరిచిపోయిన ఇంకో ఖాతాలో. మొదటి చెల్లింపుకు ముందే ఆ బ్యాంకు పేరు లబ్ధిదారుకు చెప్పి ఒప్పుకోలు తీసుకుంటే సగం తగువులు రావు.

పేరు తీసేసే ముందు

తెలంగాణలో కంప్యూటరు పోలికల ఆధారంగా రద్దయిన సుమారు 19 లక్షల రేషన్ కార్డుల వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించాలని 2022 ఏప్రిల్‌లో కోర్టు ఆదేశించింది. రద్దుకు ముందు చేయాల్సిన పని రద్దయ్యాక చేయాల్సి వచ్చింది. మీ వ్యవస్థలో కంప్యూటరు ‘అనుమానం’ అని మాత్రమే చెప్పాలి. ఆ తర్వాత ఇంటికి తెలుగులో నోటీసు, చదివి వినిపించే మనిషి, జవాబుకు కనీసం 30 రోజులు ఉండాలి. నిర్ణయం తీసుకున్న అధికారి పేరూ సంతకమూ ఉండాలి. జవాబు తేలేదాకా సరుకు ఆపకూడదు.

నంబర్లు, ముద్రలు దాచడం

సుమారు 210 ప్రభుత్వ వెబ్‌సైట్లలో లబ్ధిదారుల ఆధార్ నంబర్లు బహిరంగంగా కనిపించాయని 2017లో తేలింది. పంచాయతీ గోడ మీద అంటించే జాబితాలో నంబరు ఉండకూడదు. డేటాబేసులో ఆధార్ నంబర్లను వేరే ఖజానాలో ఉంచి, మిగతా అన్నిచోట్లా దాని బదులు రిఫరెన్స్ కీ (ఆధార్ నంబరును బయటపెట్టని మారు గుర్తు) వాడండి. వేలిముద్రల విషయం మరీ సున్నితమైనది. 2018లో పెద్దపల్లి జిల్లాలో భూమి రిజిస్ట్రేషన్ పత్రాల మీది నిశానీల నుంచి నకిలీ వేలిముద్రలు తయారుచేసిన కేసు బయటపడింది. పాస్‌వర్డ్ పోతే మార్చుకోవచ్చు, వేలు మార్చుకోలేం. నిశానీ ఉన్న ఏ పత్రాన్ని స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో పెట్టినా ముందు నిశానీని కప్పేయండి, మినహాయింపు రిజిస్టరుతో సహా.

లెక్క చూసే పద్ధతి, ఆ తర్వాత మొదలుపెట్టడం

డ్యాష్‌బోర్డు మీద ‘విజయవంతమైన లావాదేవీలు’ అని కనబడే శాతాన్ని నమ్ముకోవద్దు. నూరుమందిలో నలుగురికి ముద్ర పడలేదనుకోండి. విసిగిపోయి ఆ నలుగురూ వచ్చే నెల రాకపోతే శాతం నూటికి నూరవుతుంది. జనం తగ్గినకొద్దీ అంకె మెరుగవుతుంది. మీరు లెక్కించాల్సింది మనుషులను: గత మూడు నెలల్లో తీసుకుని ఈ నెల తీసుకోనివాళ్లు ఎవరు, ఎందుకు? ఒంటరి కార్డులకు ఈ లెక్క విడిగా తీయండి.

ప్రారంభానికి ముందు ఎవరి మీద ఏ ప్రభావం పడుతుందో రాతలో పెట్టండి. కెన్యాలో హుదుమా నంబా గుర్తింపు కార్డు వల్ల జనం వ్యక్తిగత సమాచార రక్షణ మీద పడే ప్రభావాన్ని ముందుగా అంచనా వేయలేదన్న కారణంతోనే 2021 అక్టోబరులో అక్కడి హైకోర్టు ఆ కార్డుల జారీ చెల్లదంది. తర్వాత రెండు ఊళ్లు ఎంచుకోండి. ఒకటి రోడ్డు పక్కది, ఒకటి సిగ్నల్ సరిగా అందనిది. మూడు నెలలు కొత్త పద్ధతితో పాటు పాత పద్ధతిని కూడా నడపండి. ప్రతి నెలాఖరున తీసుకోనివాళ్ల జాబితా పట్టుకుని ఇంటింటికీ వెళ్లండి. ఊరు మారారా, చనిపోయారా, వేలిముద్ర పడలేదా, డీలరు తిప్పి పంపాడా? ఒక్కో పేరు ఎదురుగా కారణం రాసి, తేదీ వేసి, వెళ్లి చూసినవాళ్లు సంతకం చేసేదాకా మూడో ఊరికి మిషన్ పంపకండి.